ఎడమ దిక్కు కుండ

చిన్నాయన సంవత్సరీకం అయ్యాక చిన్నమ్మను ఖాజాగూడ నుంచి పుప్పాలగూడలోని మా ఫ్లాటుకు తీసుకొచ్చాను. కొన్నాళ్లు మాతో ఉండమన్నాను. దూరమేమీ కాదు. మా బాల్కనీలో నిలబడితే ఖాజాగూడ గుట్టలూ, వాటి పక్కన మిగిలిన చెరువూ కనిపిస్తాయి. ఆమె వచ్చిన రోజే మా టీవీ కింద ఉండే సౌండ్ బార్ మూగబోయింది. మా ఆయన ఫోన్ తీసి మెకానిక్ నంబరు వెతుకుతుంటే, సోఫాలో కాళ్లు ముడుచుకుని కూర్చున్న చిన్నమ్మ, "మెకానిక్ ఎందుకు అల్లుడా, ఇంట్ల మంజుల ఉండంగ? మా ఇంట్ల గంత పెద్ద మిషన్ బాగు జేసింది" అంది. మా ఆయన నవ్వు ఆపుకోబోయి పొలమారి దగ్గాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో నేను ఒక బల్బు మార్చగా ఆయన చూడలేదు. తీరా చూస్తే ఇల్లు ఊడ్చేటప్పుడు ప్లగ్గు ఊడిందంతే. ఆ సంగతి కూడా ఆయనే కనిపెట్టాడు. కానీ చిన్నమ్మ మాట మాత్రం నన్ను ఆ సాయంత్రమంతా వదల్లేదు. ఎందుకంటే ఆమె చెప్పింది అబద్ధం కాదు. నేను జన్మలో ఒకే ఒక్క యాంప్లిఫైయర్ బాగు చేశాను. ఎలా బాగు చేశానో చెబితే నా ఇంజనీరింగ్ పట్టా వెనక్కి తీసుకుంటారేమోనని ఇంతకాలం ఎవరికీ పూర్తిగా చెప్పలేదు.

నేను చదివింది ఎలక్ట్రానిక్స్. చదివింది అంటే పరీక్షలు రాసింది అని అర్థం. లాబ్‌లో నా పక్కనుండే అమ్మాయి సర్క్యూట్ కలిపితే, నేను పక్కన నిలబడి రీడింగులు అందంగా రాసేదాన్ని. అట్లాంటి నాకు మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టర్ ఉద్యోగం దొరికింది. ఇతరులు చేసినదాన్ని నొక్కి చూసి ఇది పనిచేయడం లేదని చెప్పడమే ఆ పని. నా స్వభావానికి సరిగ్గా సరిపోయింది. పాలమూరు వైపు ఊళ్లో ఉన్న మా నాన్న, పిల్ల హాస్టల్లో ఉండటం ఎందుకని నన్ను తన తమ్ముడింటికి పంపాడు. చిన్నాయన ఖాజాగూడలో కిరాయి ఇంట్లో ఉండేవాడు. రాతిగోడలు, ముందు చిన్న వాకిలి, వెనక గుట్ట. అప్పటికి అక్కడ అద్దాల భవనాల కంటే బర్రెలే ఎక్కువ. మధ్యాహ్నాలు బండలు పేల్చిన చప్పుడుకు గోడమీది గిన్నెలు గలగలమనేవి. చిన్నాయనది కంపెనీ ఉద్యోగుల్ని తీసుకెళ్లే కాంట్రాక్టు బస్సు. నా అదృష్టం కొద్దీ మా ఆఫీసుదే. పొద్దున ఇంట్లో ఒకే పళ్లెం పక్కన కూర్చుని రొట్టె తిన్నవాళ్లం, కాసేపటికి డ్రైవరూ ప్రయాణికురాలూ అయ్యేవాళ్లం.

ఆ ఇంట్లో తెల్లవారడం అంటే చిన్నమ్మ జొన్నరొట్టె కొట్టే చప్పుడు, దానికి తోడు ఆమె గొణుగుడు. నిద్రలో ఉండగానే ఆ దెబ్బల లెక్కన రొట్టె ఎంతవరకు వచ్చిందో తెలిసేది. పెనం మీద కాలిన పిండి వాసన, వాకిట్లో చల్లిన నీళ్ల వాసన, చిన్నాయన తలకు రాసుకునే ఆవనూనె వాసన కలిసి ముక్కుకు తగిలితే ఇక లేవక తప్పదు. చిన్నాయన ఖాకీ చొక్కా వేసుకుని, చాయ్ సాసర్లో పోసుకుని, కళ్లు మూసుకుని ఊదుతూ తాగేవాడు. ఆయన నెమ్మదైన మనిషి. ఆయనకున్న విలాసమల్లా ఆదివారం మధ్యాహ్నం పాటలు వినడం. గోడలో రెండు గూళ్లు, ఒక్కో గూట్లో ఒక మట్టికుండ, కుండ మూతి మీద బిగించిన స్పీకరు. కుండలోంచి వస్తే పాటకు గుండె బరువు వస్తుందని ఆయన నమ్మకం. రెంటి మధ్య అలమరలో టేకు పెట్టెలో యాంప్లిఫైయర్. దాన్ని ఎవరో స్నేహితుడు విడి భాగాలు కొని కూర్చి ఇచ్చాడట. ఆ స్నేహితుడు గల్ఫ్ వెళ్లిపోయాడు. దాని లోపల ఏముందో తెలిసిన చివరి మనిషి అతనే.

చిన్నాయన ఎక్కువగా వినేది ఊళ్లో చెక్క చిరుతలు వాయిస్తూ పాడగా రికార్డు చేసిన భజన క్యాసెట్. అందులో వెనక వంతపాట పాడేవాళ్లలో పడుచు వయసులో ఆయన గొంతు కూడా ఉంది. ఒక ఆదివారం ఎడమ గూట్లో కుండ చిటపటలాడి ఆగిపోయింది. ఆయన నావైపు చూశాడు. ఇంట్లో ఇంజనీరు ఉన్న మనిషి చూసే చూపు అది.

"బిడ్డా, ఎడమ దిక్కు కుండ పలుకుతలేదు. జర సూడు."

చూడలేనని ఆ క్షణమే చెప్పి ఉంటే కథ అక్కడే అయిపోయేది. నేను పెట్టె మూత తీసి, లోపలున్న బోర్డు వైపు గంభీరంగా చూసి, "ఔట్‌పుట్ స్టేజిలో ప్రాబ్లం ఉండొచ్చు" అన్నాను. ఆ మాట ఆయనకు ఎంత అర్థమైందో నాకూ అంతే అర్థమైంది. కానీ సోమవారం బస్సులో ఎక్కినవాళ్లందరికీ ఆయన ఆ మాటే చెప్పాడు. "మా అన్న బిడ్డ. ఇంట్ల మిషన్ ఇప్పి చూసింది. స్టేజి ఖరాబైందంట." నా పక్క సీటు రమ కోస్తా అమ్మాయి. "ఏంటండీ మంజుల గారూ, మీరు రిపేర్లు కూడా చేస్తారా? మా రూములో ఒక రేడియో ఉందండీ" అంది. ఇక వెనక్కి తగ్గే దారి లేకుండా పోయింది.

కోఠీలో ఒక సోల్డరింగ్ ఐరన్, కాస్త సీసం, ఒక చిన్న మల్టీమీటర్ కొన్నాను. మొదటి వారం ప్లగ్గు తీయకుండా బోర్డు మీద వేలు పెట్టి, షాక్ కొట్టి చిన్నమ్మ మీద పడ్డాను. ఆమె చేతిలో పచ్చిపులుసు గిన్నె ఉంది. రెండో వారం కెపాసిటర్ మార్చాను. దానికి తలా తోకా ఉంటాయని చదివాను గానీ ఏది తల అన్నది గుర్తు లేదు. స్విచ్ వేయగానే అది పెద్ద శబ్దంతో పేలి, లోపలి కాగితం పొట్టు పైకప్పుకంటుకుంది. గుట్ట మీద బండ పేల్చారనుకుని పక్కింటివాళ్లు గిన్నెలు దించుకున్నారు. చిన్నమ్మ చీపురుకు కర్ర కట్టి పైకప్పు దులుపుతూ, "చదువు మంచిగనే ఉన్నది, జర దూరం కూసొని చెయ్యి బిడ్డా" అంది. ఇల్లంతా కాలిన సోల్డర్ వాసన. సాంబ్రాణికీ కాలిన ప్లాస్టిక్‌కూ మధ్యరకం వాసన అది. జొన్నరొట్టెకు కూడా అదే పట్టింది. చిన్నాయన మాత్రం ఎన్నడూ విసుక్కోలేదు. స్టూలు మీద కూర్చుని టార్చిలైటు పట్టుకునేవాడు. అది కూడా నేను చూస్తున్న చోటు కాకుండా ఆయన చూడాలనుకున్న చోట.

చివరికి లోపం నాకే దొరికింది. దొరికింది అనటం కంటే తగిలింది అనటం న్యాయం. స్క్రూడ్రైవరు చేయి జారి ఒక ట్రాన్సిస్టర్‌కు తగిలితే ఎడమ కుండ ఒక్కసారి పలికింది. ఆ ట్రాన్సిస్టర్ కాలు దగ్గర సోల్డర్ పగిలి ఉంది. కరిగించి మళ్లీ అతికించాను. క్యాసెట్ పెడితే రెండు కుండలూ ఒక్క గొంతుతో పాడాయి. నా చెవులారా విన్నాను. గర్వంతో చిన్నాయన వైపు తిరిగాను.

ఆయన కుర్చీలో వెనక్కి వాలి, కళ్లు మూసుకుని విని, తల అడ్డంగా ఊపాడు. "చిటపట పోయింది గని, ఎడమ దిక్కు కుండ ఇంకా తక్కువనే ఉన్నది బిడ్డా."

ఆ తర్వాత నేను పడిన కష్టం మా ఆఫీసులో ఏ ప్రాజెక్టుకూ పడలేదు. మీటర్ పెట్టి చూస్తే రెండు వైపులా ఒకటే కరెంటు. స్పీకర్లు అటుదిటు ఇటుదటు మార్చాను. ఎడమవైపే తక్కువ అన్నాడు. వైర్లు తారుమారు చేశాను. ఎడమవైపే. బోర్డు మీద వచ్చే తీగలూ పోయే తీగలూ మార్చాను. ఎడమవైపే. కుండ పగిలిందేమోనని కుండలు కూడా మార్చాను. లోపమున్న భాగాన్ని కుడివైపుకు మారిస్తే లోపం కూడా కుడివైపుకు పోవాలి. ఏ పుస్తకంలోనైనా అంతే రాసి ఉంటుంది. మా ఇంట్లో లోపం మాత్రం ఎడమ గూట్లో కాపురం పెట్టుకుని కూర్చుంది. గోడకే ఏదో దోషం ఉందనే దాకా వచ్చాను. రమకు ఆ మాట చెబితే, "వాస్తు చూపించండీ" అంది. నవ్వుతూ అందో నిజంగా అందో ఇప్పటికీ తెలియదు.

ఒక ఆదివారం చిన్నమ్మ వాకిట్లో మిరపకాయలు ఎండబోసింది. పొయ్యి దగ్గరనుంచి కేకేసింది. "ఓ మనిషీ, మేకలు వస్తున్నయి. జర వాకిలి దిక్కు మొకం జేసి కూసో." చిన్నాయన కుర్చీ తిప్పుకుని, కుండలకు వీపు పెట్టి కూర్చున్నాడు. నేను ఎప్పటిలాగే క్యాసెట్ పెట్టాను. కాసేపు విని, ఆయన భుజం మీదుగా చేయి వెనక్కి చూపించి, "అరె, గిది మంచిగైంది. ఇప్పుడు గాది ఆగిపోయింది" అన్నాడు. మంచిగైందని చూపించింది ఇన్నాళ్లూ మూగదని అన్న కుండనే. ఆగిపోయిందని చూపించింది ఇన్నాళ్లూ బాగుందన్న కుండను.

నేను గంతు వేసినంత పనిచేశాను. లోపం కదిలింది. కదిలిందంటే దొరికినట్టే. ఆయన్ని మళ్లీ గోడవైపు తిరగమన్నాను. లోపం పాత చోటికి వచ్చింది. వాకిలివైపు తిరగమన్నాను. ఇటు వచ్చింది. మళ్లీ తిరగమంటే, "ఏంది బిడ్డా, నన్ను గానుగెద్దు జేస్తున్నవ్" అని నవ్వాడు. నేను స్క్రూడ్రైవరు చేతిలో పట్టుకుని ఆలోచిస్తూ నిలబడ్డాను. బోర్డు కదల్లేదు, తీగలు కదల్లేదు, కుండలు కదల్లేదు. ఏది కదిలిందో అప్పుడు తట్టింది.

పాట ఆపేశాను. చిన్నాయన మేకల వైపే చూస్తున్నాడు. ఆయన ఎడమ పక్కకు వెళ్లి, మెల్లగా, "చిన్నాయనా" అన్నాను. ఆయన తిరగలేదు. కాస్త గట్టిగా అన్నాను. తిరగలేదు. కుడి పక్కకు వచ్చి మొదట అన్నంత మెల్లగానే అన్నాను.

"ఏంది బిడ్డా, దొరికిందా?" అన్నాడు వెంటనే.

పొయ్యి దగ్గర చిన్నమ్మ గరిట ఆడించడం ఆపేసింది.

నేను చెప్పాను. ఎంత మెత్తగా చెప్పాలో తెలియక, ఆఫీసులో రిపోర్టు చదివినట్టు చెప్పాను. ఆయన ముఖంలో నవ్వు కొంచెం కొంచెంగా పోయింది. "పొద్దంత ఇంజన్ పక్కన కూసునేటోనికి మీ లెక్క సన్నగ ఇనొస్తదా? నా చెవికేం కాలే. మిషన్ జెయ్యరాకపోతే జెయ్యరాదని చెప్పు" అని చెప్పులేసుకుని బయటికి పోయాడు. ఆయన నామీద విసుక్కోవడం అదే మొదలు. నేను ఏడుపు మొహంతో చిన్నమ్మ వైపు చూశాను.

"కోపం గాదు బిడ్డా, భయం" అంది ఆమె. "చెవి ఇనరాదంటే బస్సెవడిస్తడు?"

మర్నాడు పొద్దున ఆయన నాతో మాట్లాడకుండానే బస్సు తీశాడు. ముందు ఎడమవైపు సీటు ఎప్పటిలాగే నాకు ఆపాడు. ఆ పాత బస్సుల్లో ఇంజన్ లోపలే, డ్రైవరుకు ఎడమ పక్కనే ఉండేది. ఇనప మూత కింద అది రోజంతా ఆయన చెవిలో అరిచేది. ఆ పొద్దున ఎక్కేముందు బస్సు చుట్టూ తిరిగి చూశాను. బస్సు మీద గీతలు, సొట్టలు అన్నీ ఎడమవైపే. నెలల తరబడి ఆ బస్సెక్కుతూ, లోపాలు వెతకడానికే జీతం తీసుకునే నేను వాటిని ఎన్నడూ గమనించలేదు. గచ్చిబౌలి వైపు దిగే చోట ఎడమనుంచి ఒక ఆటో హారన్ కొడుతూ దూసుకొచ్చింది. చిన్నాయన బస్సును ఎడమకే తిప్పుతున్నాడు. నేను అరిచాను. నేను కూర్చున్నదీ ఆయనకు ఎడమ పక్కనే కదా, నా అరుపూ వినపడలేదు. లేచి ఇంజన్ మూత మీద మోకాలేసి ఆయన భుజం పట్టి గుంజాను. బ్రేకు పడింది. ఆటో అద్దం పగిలింది, అంతే. లోపల బడికి పోయే పిల్లలు, వాళ్ల తల్లి.

"ఎంతసేపని హారన్ గొట్టాలె అన్నా? చెవులున్నయా లేవా?" అని అరిచాడు ఆటో అతను.

చిన్నాయన దిగి వెళ్లి ఆ పిల్లలను చూశాడు. ఒక పిల్ల రిబ్బను సరిచేసుకుంటూ ఆయన్నే చూస్తోంది. ఆయన ఆటో అతని చేయి పట్టుకుని, అద్దం తను వేయిస్తానన్నాడు. తిరిగి ఎక్కి నాతో, "నువ్వు నిలబడి ఎడమ దిక్కు చెప్పు, కుడి దిక్కు నేను చూసుకుంట" అన్నాడు. ఇంజన్ మూతను పట్టుకుని నిలబడి, ఆయన భుజం తడుతూ, "రానీ, ఆగు, రానీ" అంటూ ఆఫీసు దాకా పోయాను. దిగేటప్పుడు రమ, "కండక్టర్ ఉద్యోగం కూడా చేస్తున్నారాండీ" అంది. కంపెనీ గేటు దగ్గర చిన్నాయన బస్సుల సూపర్‌వైజరుకు తాళం చెవి ఇచ్చేశాడు. "చెవి సూపిచ్చుకొని వస్త సార్. గప్పటిదాంక ఇంకెవరికన్న బండి ఇయ్యి." ఎవరూ అడగకముందే అన్నాడు. ఆ మాట అన్నాక ఆయన నడుము కొంచెం నిటారుగా అయినట్టు నాకనిపించింది.

సర్కారు దవాఖానలో డాక్టరమ్మ దీపం పెట్టి చూసి, చిన్నప్పుడు చీము కారిందా అని అడిగింది. కారిందట. కర్ణభేరికి పాత చిల్లు ఉంది, అది మూయొచ్చు. ఇంజన్ చప్పుడుకు పోయింది మాత్రం తిరిగి రాదు అంది. చిల్లు మూసే ఆపరేషన్ చేశారు. తలకు కట్టుతో ఆయన చాలా రోజులు వాకిట్లో కూర్చుని మేకలను అదిలించాడు. పని లేకుండా ఉండలేని మనిషికి అది నరకం. బస్సు తిరిగి ఇస్తారో లేదో తెలియదు. ఆ దిగులుకు పాటలు కూడా పెట్టేవాడు కాదు.

కట్టు విప్పి, దూది తీసి ఇంటికి వచ్చిన మర్నాడు పొద్దున నేను మంచం మీద నుంచి ఇంకా లేవలేదు. రొట్టె చప్పుడు వినిపిస్తోంది. దానితో పాటే చిన్నమ్మ గొణుగుడూ వినిపిస్తోంది. చాయ్ తాగుతున్న చిన్నాయనకు ఎడమ పక్కన కూర్చుని, ఎప్పటిలాగే, ఒక రాగంలో. "తానం జేసిన నీళ్లు తియ్యడు. తువ్వాల ఆరెయ్యడు. గీ మనిషికి నన్నిచ్చిన మా నాయన్ననాలె."

"ఏందే, మీ నాయన్నెందుకంటవ్? తువ్వాల ఆరేసిన గదా" అన్నాడు చిన్నాయన.

రొట్టె చప్పుడు ఆగిపోయింది. చిన్నమ్మ చేతిలోని పిండి పెనం మీద కాక పొయ్యిలో పడింది. నేను దుప్పటి కింద నవ్వు ఆపుకోలేక దిండు కొరికాను. ఏళ్ల తరబడి ఆమె ఆ పక్కన కూర్చుని కడుపులో ఉన్నదంతా హాయిగా వెళ్లగక్కుకునేదని అప్పుడు తెలిసింది. నేను వారాల తరబడి మీటర్లతో వెతికిన లోపం ఆమెకు ఎప్పుడో తెలుసు. దాన్ని వాడుకుంటోంది కూడా.

డాక్టరమ్మ కాగితం చూసి, బస్సు నడిపించి చూసి, కాంట్రాక్టరు చిన్నాయనను మళ్లీ పనిలోకి తీసుకున్నాడు. ఆయన ఎడమవైపు ఇంకో పెద్ద అద్దం పెట్టించుకున్నాడు. చిన్నమ్మ పాత చీరలన్నీ కలిపి మందంగా బొంత కుట్టి, పైన రెక్సిన్ వేసి, ఇంజన్ మూతకు తొడిగింది. మోకాళ్లు మొరాయించేదాకా ఆ తర్వాత చాలా ఏళ్లు నడిపాడు. "మా మంజుల మిషన్ జూసి మనిషి రోగం జెప్పింది" అని బస్సెక్కిన ప్రతివాళ్లకూ చెప్పేవాడు. ఆ మాట నమ్మి జనం మిక్సీలు, రేడియోలు, ఒకసారి ఒక కుట్టు మిషన్ కూడా తెచ్చారు. వాటిలో ఏ ఒక్కటీ నా చేతుల్లోంచి బతికి బయటపడలేదు. రమ రేడియో సంగతి ఇప్పటికీ మా మధ్య ఎత్తం.

ఇప్పుడు మా ఇంట్లో ఎవరి పాట వాళ్ల చెవిలోనే. మా ఆయన ఒక గదిలో, మా అమ్మాయి ఒక గదిలో, చెవుల్లో తెల్లటి గింజలు పెట్టుకుని తిరుగుతుంటారు. అన్నానికి పిలవాలంటే ఫోన్లో మెసేజ్ పెట్టాలి. నా పనీ పెద్దగా మారలేదు. బయటి చప్పుడు వినపడకుండా చేసే హెడ్‌ఫోన్ల సాఫ్ట్‌వేర్ పరీక్షించే బృందానికి పెద్దదాన్ని. చుట్టూ ఉన్న మనుషుల మాట ఎంత బాగా వినపడకపోతే మా వస్తువు అంత మంచిదని రిపోర్టు రాస్తాం. ఈ మాట చెబితే చిన్నమ్మ నమ్మలేదు. "గట్ల గూడ జీతమిస్తరా" అంది.

నిన్న సాయంత్రం ఇద్దరం బాల్కనీలో చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చున్నాం. చిన్నాయన మాటలు వచ్చాయి. ఆ గొణుగుడు గుర్తు చేసి, "ఎన్ని తిట్లు తిట్టి ఉంటవు చిన్నమ్మా, పాపం, ఒక్కటీ ఇనలే" అని నవ్వాను. ఆమె కూడా నవ్వింది. కాసేపు గింజలు తీసింది.

"అన్నీ తిట్లేననుకున్నవా?" అంది.

"మరేం చెప్పేదానివి?"

"మంచిమాటలు గూడ చెప్తుంటి. పొద్దుగాల ఖాకీ చొక్క తొడుక్కొని పోతుంటే మంచిగుంటుండె మనిషి. ముంగట అనబుద్ధి గాదు. అంటే ఊరంత చాటుతడు. గందుకే ఎడమ దిక్కు కూసొని అంటుంటి."

"ఆపరేషన్ అయినంక?"

చిన్నమ్మ ఒక కాయ పుచ్చి ఉందేమో చూసి పక్కన పెట్టింది. "గప్పుడు ఇనొస్తది గద బిడ్డా" అంది. "ఇగ అనలే."